మూడు నిమిషాల పాఠం సైనికుడికి నిద్ర అలవాటు చేయగలదా?

2017 జూన్ 17న జపాన్ తీరానికి దగ్గరలో అమెరికా యుద్ధనౌక యూఎస్‌ఎస్ ఫిట్జ్‌జెరాల్డ్, ఒక సరుకుల ఓడ ఢీకొన్నాయి. ఏడుగురు నావికులు చనిపోయారు. రెండు నెలల తర్వాత, ఆగస్టు 21న, సింగపూర్ సమీపంలో యూఎస్‌ఎస్ జాన్ ఎస్. మెకెయిన్ ఒక ట్యాంకర్ ఓడను ఢీకొంది. మరో పదిమంది నావికుల ప్రాణాలు పోయాయి. దర్యాప్తుల్లో శిక్షణ లోపాలు, నౌకను నడపడంలో జరిగిన తప్పులు బయటపడ్డాయి. వాటితో పాటు సిబ్బంది అలసట, నిద్ర చాలకపోవడం కూడా చర్చకు వచ్చాయి.

అమెరికా సైన్యంలో నిద్ర కొరత అప్పటికే తెలిసిన విషయం. రాండ్ సంస్థ 2015లో ప్రచురించిన అధ్యయనంలో, సర్వేలో పాల్గొన్న సైనిక సిబ్బందిలో దాదాపు మూడో వంతు మంది రాత్రికి 5 గంటలు లేదా అంతకన్నా తక్కువే నిద్రపోతున్నామని చెప్పారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కనీసం 7 గంటలు కావాలని వైద్య సంఘాలు చెబుతాయి. 2020లో అమెరికా సైన్యం తన శారీరక శిక్షణ నియమావళిని తిరగరాసినప్పుడు వ్యాయామం, ఆహారం, మానసిక బలం వంటి అంశాల సరసన నిద్రకూ ఒక స్థానం ఇచ్చింది.

నియమావళిలో రాయడం ఒక ఎత్తు. అది బ్యారక్‌లో మంచం దాకా చేరడం మరో ఎత్తు. ఈ దూరాన్ని తగ్గించే సాధనంగా చాలామంది చూస్తున్నది సైనికుడి జేబులోని ఫోన్‌ను. రెండు మూడు నిమిషాల్లో ముగిసే చిన్న పాఠాలు, రోజుకొకటి, ఖాళీ దొరికినప్పుడు చూసుకునేలా ఇవ్వాలన్నది ఆలోచన. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ అలాంటి పాఠంలో ఏం ఉండాలి, ఏం ఉండకూడదు అని అడిగితే నిద్ర శాస్త్రంతో పాటు జ్ఞాపకశక్తి, అలవాట్లు, చివరికి సైన్యపు డ్యూటీ పట్టికల దాకా వెళ్లాల్సి వస్తుంది.

నిద్ర తగ్గితే ముందు పోయేది ఏమిటి?

నిద్ర పరిశోధకులు తరచుగా వాడే పరీక్ష ఒకటి ఉంది. తెర మీద 2 నుంచి 10 సెకన్ల మధ్య ఎప్పుడో ఒకప్పుడు ఒక గుర్తు కనిపిస్తుంది. కనిపించగానే మీట నొక్కాలి. ఇలా పది నిమిషాలు. బాగా నిద్రపోయినవారు సాధారణంగా పావు సెకను అటూ ఇటూగా స్పందిస్తారు. నిద్ర చాలనివారిలో మధ్యమధ్య స్పందన అర సెకను దాటిపోతుంది. ఆ క్షణంలో మెదడు పనిలో లేదన్నమాట. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న ట్రక్కు అర సెకనులో 8 మీటర్లకు పైగా ముందుకు పోతుంది. పర్వత రహదారి మలుపులో అది చిన్న దూరం కాదు.

అమెరికా సైన్యానికి చెందిన వాల్టర్ రీడ్ పరిశోధన సంస్థ 2003లో ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించింది. 66 మందిని నాలుగు బృందాలుగా చేసి, వారం రోజుల పాటు రాత్రికి 3, 5, 7, 9 గంటల చొప్పున పడకకు అనుమతించారు. నిద్ర తగ్గిన కొద్దీ స్పందన దెబ్బతింది. ఆ తర్వాత మూడు రాత్రులు అందరికీ 8 గంటలు ఇచ్చినా, నిద్ర తగ్గినవారు మొదటి స్థాయికి పూర్తిగా తిరిగి రాలేదు. ఆదివారం ఒక్కరోజు ఎక్కువసేపు పడుకుంటే వారమంతటి లోటు తీరిపోతుందనే నమ్మకానికి ఈ ఫలితం గట్టి సమాధానం.

అదే ఏడాది పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం చేసిన మరో ప్రయోగంలో, రెండు వారాలు రాత్రికి 6 గంటలు లేదా అంతకన్నా తక్కువ నిద్రపోయినవారి పనితీరు, ఒకటి రెండు రాత్రులు పూర్తిగా మేలుకున్నవారి స్థాయికి పడిపోయింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి. మగతగా ఉందా అని అడిగితే వాళ్లు చెప్పిన జవాబులు మొదటి కొద్ది రోజులు పెరిగి, తర్వాత దాదాపు అక్కడే ఆగిపోయాయి. పనితీరు మాత్రం రోజురోజుకూ దిగజారుతూనే ఉంది. అంటే "నాకు అలవాటైపోయింది" అని నిజాయితీగా చెప్పే మనిషి కూడా తన స్థితిని సరిగ్గా అంచనా వేయలేడు.

మత్తుతో పోలిక మరింత సూటిగా ఉంటుంది. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కగట్టిన ప్రకారం, వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి తగ్గుతుంది. మన దేశంలో మోటారు వాహనాల చట్టం అనుమతించే పరిమితి 0.03 శాతమే. తాగి కాపలా కాస్తే సైనికుడికి శిక్ష పడుతుంది. నిద్ర లేకుండా కాపలా కాస్తే చాలాసార్లు మెచ్చుకోలు దక్కుతుంది. నిద్ర పాఠం మొదట ఎదుర్కోవాల్సింది ఈ సంస్కృతినే.

తెలిసినా ఎందుకు మారం?

నిద్ర గురించి మంచి మాటలు చెప్పే పుస్తకాలకు, పోస్టర్లకు కొదవ లేదు. ఒకే వేళకు పడుకోండి, గది చీకటిగా ఉంచండి, సాయంత్రం కాఫీ మానండి, పడుకునే ముందు ఫోన్ చూడకండి. ఈ సూచనల్లో తప్పేమీ లేదు. కానీ అవి ఒక్కటే ఇచ్చి వదిలేస్తే దీర్ఘకాల నిద్రలేమి ఉన్నవారికి పెద్దగా మేలు జరగదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, నిద్ర సూచనలను మాత్రమే చికిత్సగా వాడవద్దని సలహా ఇచ్చింది.

దీనికి రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, పది సూచనలు ఒకేసారి విన్న మనిషి ఒక్కటి కూడా మొదలుపెట్టడు. రెండు, ఆ సూచనల్లో సగం సైనికుడి చేతిలో ఉండవు. ఇరవై మంది పడుకునే బ్యారక్‌లో దీపం ఎప్పుడు ఆపాలో అతను నిర్ణయించలేడు. రాత్రి 2 గంటలకు గస్తీకి వెళ్లాల్సిన వాడికి "రోజూ ఒకే వేళకు పడుకో" అని చెప్తే, పాఠం రాసినవాళ్లకు తన బతుకు తెలియదని అతనికి అర్థమవుతుంది. ఆ తర్వాత వచ్చే పాఠాలు తెరవడు.

కాబట్టి మంచి పాఠానికి మొదటి షరతు ఇది: అది ఒకే ఒక పనిని అడగాలి, ఆ పని ఈ రోజు ఈ సైనికుడి చేతిలో ఉన్నదై ఉండాలి. పాఠం నిడివి మూడు నిమిషాలా, ఐదా అనేది ఆ తర్వాతి ప్రశ్న.

చిన్న పాఠాన్ని నిలబెట్టే మూడు సూత్రాలు

మొదటిది ఎడం. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే, నేర్చుకున్నది ఎంత వేగంగా మరిచిపోతామో తన మీదే ప్రయోగాలు చేసి కొలిచాడు. ఒకేసారి గంటసేపు చదివిన దానికన్నా అదే సమయాన్ని కొన్ని రోజులకు పంచి చదివింది ఎక్కువకాలం నిలుస్తుందని ఆ తర్వాత ఎన్నో పరిశోధనలు నిర్ధారించాయి. నిద్ర మీద ఏడాదికొకసారి గంట ఉపన్యాసం పెట్టే బదులు, అందులోని విషయాన్నే ఇరవై ముక్కలు చేసి కొన్ని వారాల మీద పంచడానికి శాస్త్రీయమైన ఆధారం ఇదే.

రెండోది గుర్తుచేసుకోవడం. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని మళ్లీ చదివించారు. మరికొందరిని చదివింది గుర్తుచేసుకుని రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవారే ముందున్నారు. వారం తర్వాత పెడితే గుర్తుచేసుకుని రాసినవారు ముందుకు వచ్చారు. అందుకే పాఠం మొదట్లో నిన్నటి విషయం మీద ఒక ప్రశ్న ఉండాలి. అది మార్కుల కోసం కాదు, జ్ఞాపకాన్ని గట్టిపరచడానికి.

మూడోది "ఇలా జరిగితే అలా చేస్తాను" అనే ముందస్తు నిర్ణయం. మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ దీని మీద విస్తృతంగా పరిశోధించాడు. "ఇకనుంచి బాగా నిద్రపోతాను" అనుకోవడం కన్నా "డ్యూటీ దిగి బూట్లు విప్పగానే ఫోన్‌ను పెట్టెలో పెడతాను" అనుకోవడం ఎక్కువగా అమలవుతుంది. బూట్లు విప్పడం ఎలాగూ జరిగే పని. కొత్త పనిని దానికి కట్టేస్తే విడిగా గుర్తుపెట్టుకోవాల్సిన బరువు తగ్గుతుంది.

అయితే ఒక్క పాఠంతో అలవాటు పుట్టదు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో 96 మంది ఒక్కొక్కరు ఒక కొత్త పనిని మొదలుపెట్టి రోజూ కొనసాగించారు. ఆ పని ఆలోచించకుండానే జరిగే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోతే, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని అంచనా తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం కలగలేదు. పాఠాల రూపకర్తలకు ఇందులో రెండు సంగతులున్నాయి. వారం రోజుల కోర్సు పెట్టి సర్టిఫికెట్ ఇస్తే చాలదు. ఒకరోజు డ్యూటీ వల్ల తప్పిపోయినవాడిని మళ్లీ మొదటికి పంపకూడదు.

ఒక పాఠం ఎలా ఉండొచ్చు?

ఈ సూత్రాలను కలిపి కొన్ని పాఠాలు ఊహిద్దాం.

మొదటిది టీ, కాఫీల గురించి. మేలుకున్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పేరుకుంటూ ఉంటుంది. అది కొన్ని గ్రాహకాలకు అంటుకుంటే మగత వస్తుంది. కెఫీన్ అదే గ్రాహకాల్లో ముందే కూర్చుని అడెనోసిన్‌కు చోటు లేకుండా చేస్తుంది. మగత తెలియదు గానీ నిద్ర అవసరం తీరదు. కెఫీన్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది, మనిషిని బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది. 2013లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో 400 మిల్లీగ్రాముల కెఫీన్‌ను, అంటే సుమారు నాలుగు కప్పుల కాఫీలో ఉండేంత మోతాదును, పడుకోవడానికి 6 గంటల ముందు ఇచ్చినా నిద్ర గంటకు పైగా తగ్గింది.

ఈ పాఠంలో కెఫీన్ రసాయన నిర్మాణం అక్కర్లేదు. రాత్రి డ్యూటీ చేసే జవానుకు టీ మానమని చెప్పడమూ కుదరదు, నిజానికి డ్యూటీ మొదట్లో టీ అతన్ని కాపాడుతుంది. పాఠం అడగాల్సింది ఇంతే: "మీ డ్యూటీ ఎన్నింటికి దిగుతుంది? తర్వాత ఎప్పుడు పడుకుంటారు? దానికి 6 గంటల ముందు తాగేదే ఈ రోజు చివరి టీ." జవాబు ఫోన్ లెక్కగట్టి చూపిస్తుంది. ఉదయం 6కు దిగి 7కు పడుకునేవాడికి చివరి టీ రాత్రి 1 గంటకు. ఇది అతని పట్టికకు సరిపోయే సలహా.

రెండోది కునుకు గురించి. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, సుదూర విమానాల పైలట్ల మీద చేసిన అధ్యయనంలో వారికి ప్రయాణం మధ్య 40 నిమిషాల విరామం ఇచ్చింది. వాళ్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. విరామం లేనివారి కంటే ఆ తర్వాత చురుగ్గా ఉన్నారు. కునుకు మరీ పొడవైతే గాఢ నిద్రలోకి జారిపోయి, లేచాక కొంతసేపు తల బరువుగా, అయోమయంగా ఉంటుంది. అందుకే పాఠం రెండు సంఖ్యలు చెబితే చాలు: అలారం 30 నిమిషాలకు పెట్టండి, లేచాక ఆయుధమో స్టీరింగో పట్టడానికి ముందు 15 నుంచి 30 నిమిషాలు ఆగండి.

మూడోది వెలుతురు. కంటి రెటీనాలో చూపుకు వాడే కణాలు కాకుండా, జీవ గడియారానికి పగలు రాత్రుల సమాచారం చేరవేసే కణాలు కొన్ని ఉన్నాయని 2002లో తేలింది. అవి సుమారు 480 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న నీలి కాంతికి ఎక్కువగా స్పందిస్తాయి. రాత్రి పూట ఆ కాంతి పడితే నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ విడుదల తగ్గుతుంది. సైనికులు చీకట్లో మ్యాపు చూడటానికి ఎర్ర టార్చి వాడతారు, రాత్రి చూపు చెదరకుండా ఉండటానికి. మసక ఎర్ర కాంతి ఈ నీలి కాంతి కణాలను కూడా పెద్దగా కదిలించదు. "డ్యూటీ దిగాక బ్యారక్‌లో కూడా అదే టార్చి వాడండి" అంటే, తెలిసిన వస్తువుకు కొత్త ఉపయోగం చెప్పినట్టు అవుతుంది. పొద్దున పడుకునేవాడికి ఎండలో నడుచుకుంటూ రావడమే ఇబ్బంది. అతనికి నల్ల కళ్లద్దాలు, కళ్లకు గుడ్డ పట్టీ పనికొస్తాయి.

మన దేశానికి వస్తే మరో పాఠం తప్పనిసరి అవుతుంది. లేహ్ సముద్ర మట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పీడనం సముద్ర తీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. సియాచిన్ హిమానీనదం మీద 5,500 మీటర్లు దాటిన పోస్టుల్లో అది సగానికి తగ్గుతుంది. ఆక్సిజన్ తక్కువైనప్పుడు నిద్రలో శ్వాస లయ తప్పుతుంది. కొన్ని శ్వాసలు గబగబా సాగి, కొన్ని సెకన్లు పూర్తిగా ఆగి, మళ్లీ మొదలవుతుంది. ఊపిరి ఆడనట్టు ఉలిక్కిపడి లేస్తారు. రక్షణ పరిశోధన సంస్థకు చెందిన ఢిల్లీలోని శరీరధర్మ శాస్త్ర సంస్థ, డీపాస్, ఎత్తైన ప్రదేశాల్లో మనిషి శరీరంలో జరిగే ఇలాంటి మార్పుల మీద చాలాకాలంగా పనిచేస్తోంది.

విశాఖ నుంచో కరీంనగర్ నుంచో వెళ్లి మొదటిసారి అంత ఎత్తుకు చేరిన యువకుడికి ఇది గుండెజబ్బేమో అన్న భయం పుట్టవచ్చు. "మొదటి రాత్రుల్లో ఇలా జరగడం సాధారణం. మద్యం తాగితే, డాక్టరు చెప్పకుండా నిద్ర మాత్ర వేసుకుంటే శ్వాస ఇంకా మందగిస్తుంది. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, కదలకుండా కూర్చున్నా ఆయాసం ఉంటే వెంటనే వైద్యుడికి చెప్పండి." మూడు వాక్యాల ఈ పాఠం అక్కడికి చేరకముందే, తన భాషలో అతని చెవిన పడాలి. చదవడం కన్నా వినడం తేలికైన వేళలు సైనికుడికి ఎక్కువ, కాబట్టి ప్రతి పాఠానికీ ఆడియో రూపం ఉండాలి.

ఫోన్ తెచ్చే చిక్కులు

నిద్ర చెడగొట్టే వస్తువుల్లో ఫోన్ ముందుంటుంది. దాని మీదే నిద్ర పాఠం చెప్పడంలో ఒక విరుద్ధం ఉంది. రాత్రి 10 గంటలకు "మీ నేటి పాఠం చూడండి" అని సందేశం పంపే యాప్ తన పాఠాన్ని తానే ఓడిస్తుంది. అందుకే పాఠం పగటి వేళ, లేదా డ్యూటీ ఎక్కే ముందు రావాలి. సైనికుడు తన డ్యూటీ వేళలు నమోదు చేస్తే, పడకకు ముందు రెండు గంటలు యాప్ మౌనంగా ఉండాలి. పాయింట్లు, పోటీలు, వరుసగా ఇన్ని రోజులు అంటూ ఆశపెట్టే ఆటలు ఇక్కడ అక్కర్లేదు. పాఠం ముగిశాక ఫోన్ పక్కన పెట్టేయడమే దాని విజయం.

రెండో చిక్కు భద్రత. వ్యాయామ యాప్ స్ట్రావా 2017 నవంబరులో విడుదల చేసిన ప్రపంచ పటంలో, సైనికులు పరుగెత్తిన దారుల ఆధారంగా కొన్ని సైనిక స్థావరాల ఆనవాళ్లు బయటపడ్డాయని పరిశీలకులు గుర్తించారు. 2020 జులైలో భారత సైన్యం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో సహా 89 యాప్‌లను తొలగించమని తన సిబ్బందిని ఆదేశించింది. ఒక దళం మొత్తం ఎప్పుడు నిద్రపోతోందో, ఎంత అలసిపోయి ఉందో తెలిపే సమాచారం ప్రత్యర్థికి ఎంత విలువైనదో ఊహించుకోవచ్చు. అందువల్ల పాఠాలు ఇంటర్నెట్ లేకుండా పనిచేయాలి, ఎక్కడున్నారో అడగకూడదు, నిద్ర వివరాలు ఆ ఫోన్ దాటి పోకూడదు.

మూడోది నమ్మకం. "నాకు మూడు వారాలుగా నిద్ర పట్టడం లేదు" అని రాసిన జవాబు పై అధికారి చూస్తాడేమో, ప్రమోషన్‌కు అడ్డు వస్తుందేమో అని అనుమానం ఉంటే ఎవరూ నిజం రాయరు. ఎవరు ఏం చూడగలరో మొదటి తెర మీదే రెండు వాక్యాల్లో చెప్పాలి, దానికి కట్టుబడాలి.

అధికారికి కూడా ఒక పాఠం

మొదట చెప్పుకున్న నౌకల దగ్గరికి వద్దాం. అమెరికా నౌకాదళంలో అప్పట్లో వాడుకలో ఉన్న ఒక పద్ధతి, 5 గంటలు డ్యూటీ, 10 గంటలు విరామం. కలిపితే 15 గంటల చక్రం. మనిషి శరీరం మాత్రం 24 గంటల చక్రంలో నడుస్తుంది. దాంతో నావికుడి నిద్ర వేళ ఈ రోజు రాత్రి, రేపు మధ్యాహ్నం, ఎల్లుండి ఉదయం అన్నట్టు జరిగిపోతుంది. పైగా ఆ 10 గంటల విరామంలోనే మరమ్మతులు, శిక్షణ, భోజనం, అన్నీ. కాలిఫోర్నియాలోని నౌకాదళ ఉన్నత విద్యాసంస్థ పరిశోధకులు 3 గంటలు డ్యూటీ, 9 గంటలు విరామం అనే పద్ధతితో దీన్ని పోల్చారు. 12 గంటల చక్రం రెండుసార్లు తిరిగితే సరిగ్గా ఒక రోజు. రోజూ నిద్ర ఒకే వేళకు వస్తుంది. ఈ పద్ధతిలో ఉన్నవారి పరిస్థితి మెరుగ్గా కనిపించింది. 2017 ప్రమాదాల తర్వాత నౌకాదళం, శరీరపు 24 గంటల లయకు సరిపోయే డ్యూటీ పట్టికలు వాడాలని ఆదేశించింది.

15 గంటల చక్రంలో ఉన్న నావికుడికి ఎన్ని పాఠాలు పంపినా ప్రయోజనం ఎంత? అక్కడ మారాల్సింది పట్టిక, అది రాసే మనిషి వేరు. వాల్టర్ రీడ్ సంస్థ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, నిద్రను పట్టించుకునే అధికారుల కింద పనిచేసే సైనికుల నిద్ర మెరుగ్గా ఉందని తేలింది. తన కింది వారు ఎంతసేపు పడుకున్నారో అడగడం, పడుకునే చోటు ప్రశాంతంగా ఉండేలా చూడటం, తానూ నిద్రపోయి చూపించడం వంటివే ఆ శ్రద్ధ.

కాబట్టి పాఠాల వరుసలో రెండు దారులు ఉండాలి. జవానుకు ఒకటి, పట్టిక రాసే హవల్దారుకు, సుబేదారుకు, కంపెనీ కమాండరుకు మరొకటి. రెండో దారిలోనూ పాఠం మూడు నిమిషాలే, అడిగే పని ఒకటే. "రాత్రి డ్యూటీ దిగినవారికి ఉదయం 10 గంటల హాజరు పిలుపు ఈ వారం మినహాయించగలరా?" "బ్యారక్‌లో రాత్రి డ్యూటీవాళ్ల మంచాలు ఒక మూలకు చేర్చగలరా?" 2009లో వాల్టర్ రీడ్ సంస్థ చూపించిన మరో సంగతి కూడా కమాండరుకు ఉపయోగపడుతుంది. వారం పాటు రాత్రికి 10 గంటలు పడకలో గడిపినవారు, తర్వాతి వారం 3 గంటల నిద్రతోనే నెట్టుకురావాల్సి వచ్చినప్పుడు, ముందు మామూలుగానే పడుకున్నవారి కన్నా బాగా తట్టుకున్నారు. పెద్ద విన్యాసానికి ముందు వారం సిబ్బందికి నిద్ర ఎక్కువ దొరికేలా చూడటం కూడా సన్నాహాల్లో భాగమే.

పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

ఎంతమంది పాఠం పూర్తి చేశారన్న లెక్క తేలిగ్గా దొరుకుతుంది, అందుకే దాన్నే విజయంగా చూపించే ప్రమాదం ఉంది. ఆదేశం ఉంటే సైనికులు నూటికి నూరు మందీ పూర్తి చేస్తారు. నిద్ర మాత్రం మారకపోవచ్చు. కొలవాల్సింది నిద్రను. మణికట్టుకు కట్టే చిన్న పరికరంలోని వేగ మాపకం కదలికలను నమోదు చేసి, ఎప్పుడు నిద్రపోయారో అంచనా ఇస్తుంది. నిద్ర డైరీ, మీట నొక్కే పరీక్ష దానికి తోడు. ఒకే బ్యారక్‌లో సగం మందికి పాఠాలిచ్చి మిగతావారికి ఇవ్వకపోతే పోలిక చెడిపోతుంది, ఎందుకంటే వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. అందుకే కొన్ని దళాలకు ముందు, కొన్నిటికి మూడు నెలల తర్వాత ఇచ్చి పోల్చడం మేలు.

పాఠం ఆగాల్సిన చోటు

నిద్ర అలవాటు వేరు, నిద్ర జబ్బు వేరు. సమయం ఉండి, చోటు ఉండి కూడా వారానికి కనీసం మూడు రాత్రులు, నెలల తరబడి నిద్ర పట్టకపోతే అది నిద్రలేమి వ్యాధి. దానికి ముందుగా సూచించే చికిత్స, ఆలోచనలను, ప్రవర్తనను మార్చే ఒక ప్రత్యేక పద్ధతి. అమెరికాలో మాజీ సైనికుల కోసం ఈ చికిత్సకు తోడుగా 2013లోనే ఒక మొబైల్ యాప్ వచ్చింది. అయితే టెక్సాస్‌లోని ఫోర్ట్ హుడ్‌లో 100 మంది సైనికులతో చేసిన పరీక్షలో, ఇంటర్నెట్ ద్వారా చికిత్స పొందినవారు ఏ చికిత్సా లేనివారి కంటే మెరుగుపడినా, నిపుణుడి ఎదురుగా కూర్చుని చికిత్స పొందినవారికే ఎక్కువ లాభం కలిగింది. ఈ చికిత్సలో పడక సమయాన్ని మొదట తగ్గించే దశ ఒకటి ఉంటుంది. ఆ రోజుల్లో మగత పెరుగుతుంది. ఆయుధం, వాహనం పట్టే మనిషి చేత పర్యవేక్షణ లేకుండా ఫోన్ చూసి ఆ పని చేయించకూడదు.

యుద్ధ అనుభవాల పీడకలలు, పెద్ద గురకతో ఊపిరి ఆగడం, నిరాశ వంటివి కూడా పాఠాలతో తీరేవి కావు. ప్రతి పాఠంలోనూ "ఇది నాకు సరిపోదు" అని నొక్కే ఒక బటన్ ఉండి, అది నేరుగా సాయం దొరికే చోటికి చేర్చాలి. మన దేశంలో 2022లో మొదలైన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఎవరైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. సైనిక సిబ్బంది కోసం దీనికి అనుబంధంగా పుణేలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో 2023 డిసెంబరులో ఒక ప్రత్యేక కేంద్రం ప్రారంభమైంది.

సైనికుల కోసం ఆలోచించిన ఈ పద్ధతి వాళ్లకే పరిమితం కానక్కర్లేదు. రాత్రి వార్డు చూసే నర్సు, హైదరాబాద్ నుంచి తిరుపతికి రాత్రి బస్సు నడిపే డ్రైవరు, సింగరేణి గనిలో మూడో షిఫ్టు కార్మికుడు, అమెరికా వేళల్లో పనిచేసే ఐటీ ఉద్యోగి, అందరి నిద్రనూ పట్టికే శాసిస్తోంది. వాళ్లకు పాఠం తయారు చేసేవాళ్లు ముందుగా ఆ పట్టిక అడిగి తీసుకోవాలి. అందులో ఉద్యోగి మార్చుకోగలిగింది ఏదో, మేనేజరు మాత్రమే మార్చగలిగింది ఏదో గీత గీసుకుని, ఆ తర్వాతే మొదటి పాఠం రాయాలి.